చెరువు చేపకు మట్టి వాసన ఎక్కడిది? చింతపండు దాన్ని నిజంగా పోగొడుతుందా?

కైకలూరు_గట్టు:
అందరికీ నమస్కారం. కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద పనిచేస్తాను. మావి బొచ్చె, శీలావతి, ఒక చెరువులో ఫంగస్ (పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్ రకం చేప). ఈసారి పట్టుబడికి ముందు వ్యాపారి మనిషి వచ్చి ఒక చేప కోయించాడు. తోక దగ్గరి ముక్కను ఉప్పూ కారం లేకుండా ఉత్త నీళ్ళలో ఉడికించి వాసన చూశాడు. "మట్టి కొడుతోంది" అని రేటు కోసేశాడు. చేపకు జబ్బేమీ లేదు. మొప్పలు ఎర్రగా ఉన్నాయి, కండ గట్టిగా ఉంది. పక్క చెరువులో అదే పిల్ల, అదే మేత. దానికి మాత్రం ఏ వాసనా లేదు.

మా దగ్గర అందరూ చెప్పే కారణం ఒకటే, చేప అడుగు బురద తింటుంది కాబట్టి అని. మరి బొచ్చె పైనీళ్ళలో తిరిగే చేప. బురద జోలికి పోని దానికి వాసన ఎలా పట్టింది?

ఇంకో సంగతి. అదే చేప ఇంట్లో పులుసు పెడితే ఎవరికీ ఏమీ తెలియలేదు. వేపుడు చేస్తే మాత్రం ముద్ద దిగలేదు. చింతపండు లోపల ఏం చేస్తోంది? కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

భీమవరం_వంటిల్లు:
కెమిస్ట్రీ సంగతి పెద్దలు చెబుతారు గానీ వంటింటి సంగతి నేను చెబుతాను. చెరువు చేప తెచ్చిన రోజు ముందు పొట్ట లోపలి నల్లపొర గీకేయాలి. ఉప్పు, పసుపు, నిమ్మకాయ పట్టించి కాసేపు ఉంచి, రెండు మూడు నీళ్ళలో కడగాలి. మా అత్తగారు పుల్ల మజ్జిగలో వేసి ఉంచేవారు. ఫంగస్ అయితే తోలు, పొట్ట దగ్గరి కొవ్వు తీసేయకుండా వండితే ఎంత మసాలా దట్టించినా ఆ వాసన తెలుస్తూనే ఉంటుంది. కొవ్వున్న చేపకే ఎక్కువ పడుతుందని నా అనుభవం.

పాత_ల్యాబ్_మాస్టారు:
అమ్మా, మీ అనుభవం అక్షరాలా సరైనది. కొవ్వు మాట గుర్తుపెట్టుకోండి, అసలు కీలకం అదే.

గట్టు గారూ, ఆ వాసన మట్టిది కాదు. ఇసుకకు గానీ బంకమన్నుకు గానీ తనంతట తానుగా ఆ వాసన ఉండదు. మట్టిలో, నీళ్ళలో బతికే సూక్ష్మజీవులు తయారుచేసే రెండు పదార్థాలే దానికి కారణం. ఒకటి జియోస్మిన్, రెండోది 2-మిథైల్ ఐసోబోర్నియోల్. రెండోదాన్ని ల్యాబుల్లో క్లుప్తంగా ఎంఐబీ అంటారు. దాని నిర్మాణం కర్పూరానికి దగ్గరి చుట్టం, అందుకే ముక్కిపోయిన వాసనతో పాటు కాస్త కర్పూరపు ఘాటు కూడా ఉంటుంది. జియోస్మిన్‌లో 12 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, 1 ఆక్సిజన్. రెండు వలయాలు ఒక అంచు దగ్గర అతుక్కుని, ఆ అతుకు మీద ఒక ఓహెచ్ గుంపు ఉంటుంది. మొత్తం బొమ్మలో నీటితో కలిసే భాగం ఆ ఒక్కటే. మిగతా అంతా నూనె స్వభావం.

మీ చెరువులో వీటిని తయారుచేసేవి ముఖ్యంగా నీలి ఆకుపచ్చ నాచు జాతులు. ఆసిలటోరియా, అనబీనా వంటివి. ప్రతి నాచూ చేయదు. ఏ చెరువులో ఏ జాతి పైచేయి అయిందన్న దాన్నిబట్టి ఉంటుంది. పక్కపక్క చెరువుల్లో ఒకదానికి వాసన ఉండి మరోదానికి లేకపోవడం అందుకే.

ఇక బొచ్చె సంగతి. చేపకు ఈ వాసన ప్రధానంగా నోటి దారిన రాదు, మొప్పల దారిన వస్తుంది. ఊపిరి కోసం నీటిని మొప్పల మీదుగా పంపుతుంది కదా, ఆ నీటిలోని జియోస్మిన్ రక్తంలోకి, అక్కడినుంచి కొవ్వులోకి చేరుతుంది. నూనె స్వభావం కదా, కొవ్వు దొరికితే నీళ్ళను వదిలి అందులో దూరుతుంది. పైనీళ్ళలో తిరిగినా అడుగున తిరిగినా ఊపిరి పీల్చక తప్పదు. పట్టడానికి కొన్ని గంటలు చాలు, వదలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు.

ఎమ్మెస్సీ_ఫస్టియర్:
మాస్టారూ, జియోస్మిన్ ఎంత తక్కువున్నా మన ముక్కు పట్టేస్తుందని చదివాను. నీళ్ళలో లీటరుకు 5 నుంచి 10 నానోగ్రాములు (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు) ఉంటే చాలట. చదివినప్పుడు అంకెగా ఉండిపోయింది. గట్టు గారి పోస్టు చూశాక లెక్క వేశాను.

పది ఎకరాల చెరువు, అయిదడుగుల నీరు అనుకుందాం. పది ఎకరాలంటే సుమారు 40,500 చదరపు మీటర్లు. అయిదడుగులంటే ఒకటిన్నర మీటరు. మొత్తం నీరు 6 కోట్ల లీటర్ల పైమాటే. లీటరుకు 10 నానోగ్రాముల చొప్పున అంత చెరువుకూ కావలసిన జియోస్మిన్ 0.6 గ్రాములు!

గట్టు గారూ, మీ చెరువు మొత్తానికీ ఆ రేటు కోత తెచ్చిపెట్టిన పదార్థాన్ని ఒకచోట పోస్తే చెంచా అడుగు కూడా నిండదు.

పాత_ల్యాబ్_మాస్టారు:
లెక్క సరిగ్గా ఉంది బాబూ. చేప కండలో కూడా చాలా కొద్దిగా ఉంటే చాలు. కిలోకు ఒక మైక్రోగ్రాము (గ్రాములో పది లక్షలో వంతు) దరిదాపుల్లో ఉంటే అలవాటైన నాలుక పట్టేస్తుంది. అందుకే ఆ వ్యాపారి మనిషి ఉత్త నీళ్ళలో ఉడికించాడు. ఏ యంత్రం లేకుండా చేసే పరీక్షల్లో అదే నమ్మకమైనది. విదేశాల్లో క్యాట్‌ఫిష్ కొనేచోట కూడా తోక ముక్కను ఉప్పు లేకుండా ఉడికించి రుచి చూసే మనుషులు ఉంటారు.

ఇంకొక్క మాట. అణువు అదే అయినా అద్దంలో ప్రతిబింబంలా కుడి ఎడమల తేడా ఉంటుంది. ప్రకృతిలో దొరికేది ఎడమ రూపం. ల్యాబులో చేసిన కుడి రూపం వాసన సుమారు పది రెట్లు బలహీనం. రెండింటిలోనూ అవే పరమాణువులు, అవే బంధాలు. కుడి ఎడమలు మారితే చాలు, ముక్కులోని గ్రాహకం వేరుగా స్పందిస్తుంది. 2024లో జర్మనీ శాస్త్రవేత్తలు మనిషి ముక్కులో జియోస్మిన్‌ను పట్టే గ్రాహకాన్ని గుర్తించారు. దాని పేరు ఓఆర్11ఏ1. మనిషికి పనిచేసే వాసన గ్రాహకాలు 400 దాకా ఉన్నాయి. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ఈ గ్రాహకాల జన్యువులను కనిపెట్టారు. 2004లో నోబెల్ అందుకున్నది ఈ రంగంలోని పనికే.

కొర్రమట్ట_వరంగల్:
నాకో సందేహం. మా దిక్కు చెరువు కొర్రమట్టకు ఈ వాసన అంతగా రాదు, కానీ మృగశిర నాడు తొలకరి పడితే పొలంలో వచ్చే వాసన, మీరు చెప్పే చేప వాసన ఒకటే అనిపిస్తుంది. ఒకటి చూస్తే ప్రాణం లేచొస్తుంది, ఇంకోటి చూస్తే కంచం ముందునుంచి లేవాలనిపిస్తుంది. రెండూ ఒకటేనా?

జెర్సీ_సెంటు:
అన్నా, ఒకటే. తొలకరి వాసనలో ఇంకా చాలా కలుస్తాయి గానీ ఆ 'మట్టి' భాగం జియోస్మినే. నేను పనిచేసేది న్యూజెర్సీలో, సెంట్ల తయారీ కంపెనీల మధ్యే. ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయంలోనే 1965లో నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే అనే ఇద్దరు ఈ పదార్థాన్ని విడదీసి పేరు పెట్టారు. వాళ్ళు తీసింది ఆక్టినోమైసీట్స్ నుంచి. అంటే బ్యాక్టీరియానే, కానీ బూజులాగా దారాలు దారాలుగా పెరుగుతుంది. అందులో ముఖ్యమైన జాతి స్ట్రెప్టోమైసిస్.

అంతకు ఏడాది ముందు 1964లో ఆస్ట్రేలియాలో బేర్, థామస్ అనే ఇద్దరు ఎండిన రాయి, మట్టి మీద వాన పడితే వచ్చే వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఎండాకాలమంతా మొక్కల నూనెలు, గాలిలోని ఆవిర్లు రాళ్ళ సందుల్లో చేరి, తడి తగలగానే బయటికొస్తాయని వాళ్ళు చూపించారు. ఆ వాసనను మన దేశంలో అప్పటికే అత్తరుగా దింపుతున్నారని వాళ్ళ వ్యాసంలోనే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ చేస్తారు. మట్టి బిళ్ళలు కాల్చి, రాగి డేగిషాలో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి పంపుతారు. చందనం ఆ వాసనను పట్టి ఉంచుతుంది.

వాసన గాల్లోకి ఎలా లేస్తుందో 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు వేగంగా తీసే కెమెరాతో చూశారు. చినుకు మట్టి మీద పడ్డప్పుడు అడుగున చిన్న గాలి బుడగలు చిక్కుతాయి, అవి పైకొచ్చి పగిలి సన్నని తుంపరలు చిమ్ముతాయి. ఆ తుంపరలు మట్టిలో ఉన్నదాన్ని మోసుకొస్తాయి. జోరువాన కంటే సన్న చినుకు, ఓ మోస్తరు చినుకులకే ఇది ఎక్కువ. తొలి జల్లుకే వాసన గుప్పుమనేది అందుకే.

పాత_ల్యాబ్_మాస్టారు:
స్ట్రెప్టోమైసిస్ మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో అదే రట్గర్స్‌లో ఈ జాతి నుంచే వచ్చింది. ఆ తర్వాత భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉన్న రోజుల్లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ ఇంకో స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందులకు అది మొదలు. తొలకరికి మన పొలంలో వాసన పుట్టించేదీ, ఆ మందులు ఇచ్చిందీ ఒకే కుటుంబం. వాసనను పనికిమాలిన విషయంగా చూసేవాళ్ళకు నేను క్లాసులో ఇదే చెప్పేవాణ్ణి.

ఎమ్మెస్సీ_ఫస్టియర్:
అసలు ఆ బ్యాక్టీరియాకు ఈ వాసన ఎందుకు మాస్టారూ? ఊరికే అంత శక్తి ఖర్చు పెట్టదు కదా?

పాత_ల్యాబ్_మాస్టారు:
దానికి 2020లో ఒక మంచి జవాబు దొరికింది. మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న చిన్న గెంతే జీవులు ఉంటాయి. అవి జియోస్మిన్ వాసనకు వచ్చి స్ట్రెప్టోమైసిస్‌ను తింటాయి. తినేటప్పుడు బీజాలు వాటి ఒంటికి అంటుకుంటాయి, పేగుల్లోంచి కూడా చెక్కుచెదరకుండా బయటపడతాయి. అలా బ్యాక్టీరియా కొత్త చోటికి చేరుతుంది. అదే జియోస్మిన్‌ను పండ్ల ఈగలు చూస్తే దూరం పోతాయి. వాటి మెదడులో ఈ ఒక్క వాసన కోసమే ప్రత్యేకంగా ఒక దారి ఉందని 2012లో తేలింది. హానికరమైన బూజు, బ్యాక్టీరియా పట్టిన పండు మీద గుడ్లు పెట్టకుండా అది కాపాడుతుంది. ఒకరికి పిలుపు, మరొకరికి హెచ్చరిక. మంచి వాసన, చెడు వాసన అనే గుణం అణువులో ఎక్కడా లేదు. మన బీట్‌రూట్‌లో ఉండే మట్టి రుచి కూడా జియోస్మినే. అది నచ్చేవాళ్ళు, అది నచ్చకే బీట్‌రూట్ ముట్టనివాళ్ళు, ఇద్దరూ మన ఇళ్ళలోనే ఉంటారు.

కైకలూరు_గట్టు:
చాలా సంతోషం మాస్టారూ. ఇన్నేళ్ళూ బురదను తిట్టుకున్నాం. చింతపండు సంగతి మాత్రం మర్చిపోకండి.

పాత_ల్యాబ్_మాస్టారు:
వస్తున్నా. ముందు రెండు వాసనలు విడదీయాలి. నీచు వాసన వేరు, మట్టి వాసన వేరు.

నీచు వాసన సముద్రపు చేపది. ఉప్పునీళ్ళలో ఒంట్లోని నీరు లాగేయకుండా ఆ చేపలు కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ దాచుకుంటాయి. దానికి వాసన లేదు. చేప చచ్చాక బ్యాక్టీరియా దానిలోంచి ఆక్సిజన్ లాగేస్తే ట్రైమిథైలమైన్ మిగులుతుంది. నీచు కొట్టేది అదే. ఇది క్షారం. నిమ్మరసమో చింతపండు పులుసో తగిలిందంటే ఆమ్లంతో కలిసి లవణమైపోతుంది. లవణం గాల్లోకి లేవదు, ముక్కుకు చేరదు. ఇది తక్షణం జరిగే పని. కవళ్ళు, కనగంతలు పులుసు పెట్టే అలవాటు వెనుక ఉన్న కెమిస్ట్రీ ఇదే. మంచినీటి బొచ్చె, శీలావతిలో ఈ ఆక్సైడ్ చాలా తక్కువ.

జియోస్మిన్ క్షారం కాదు, ఆల్కహాల్. అది లవణంగా మారదు. కానీ ఆమ్లంలో దాని ఓహెచ్ గుంపు ఒక హైడ్రోజన్‌ను కూడా తోడు తీసుకుని నీటి అణువుగా ఊడిపోతుంది. మిగిలేది ఆర్గోస్మిన్, దానికి వాసన లేదు. కాబట్టి చింతపండు దాన్ని పోగొడుతుంది.

జెర్సీ_సెంటు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. జియోస్మిన్ ఆమ్లంలో విరుగుతుందన్నది నిజమే. కానీ ల్యాబులో అది చూపించింది గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, పులుసు పీహెచ్ 3 దరిదాపుల్లో ఉంటుంది. పొయ్యి మీద ఉండే ఆ కాస్త సేపట్లో మొత్తం విరిగిపోయేంత బలం దానికి లేదు. నా ఉద్దేశంలో పులుసు చేసే పనులు మూడు. కొంత విరగ్గొడుతుంది, కొంత ఆవిరితో పాటు లేచిపోతుంది, మిగిలింది మెంతులు, వెల్లుల్లి, ఇంగువల కింద మరుగున పడుతుంది. ఇంగువ, వెల్లుల్లి వాసనలు గంధకం ఉన్న అణువులవి, వాటి ముందు చాలా వాసనలు తేలిపోతాయి. చేప శుభ్రం కాకుండానే 'చింతపండు వేశాం, అంతా పోయింది' అనుకోవడం మంచిది కాదు.

భీమవరం_వంటిల్లు:
వాదన ఎందుకండీ, వండి చూస్తే పోలా? ఆదివారం మార్కెట్లో మట్టి వాసన ఉన్న చేపే కావాలని అడిగి తెచ్చాను. (చేపలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.) ఒకే చేప నడుమ ముక్కలు, ఒకే మందం. ఒక గిన్నెలో ఉత్త నీళ్ళు. రెండో గిన్నెలో చింతపండు పులుసు ఒక్కటే, ఏ మసాలా లేదు. మూడో గిన్నెలో మెంతులు, ధనియాలు, వెల్లుల్లి వేసి, చింతపండు వేయలేదు. నాలుగో ముక్కకు తోలు, తోలు కింది ఎర్ర కండ, పొట్ట కొవ్వు తీసేసి ఉత్త నీళ్ళలో వేశాను. నాలుగూ ఒకే మంట మీద, ఒకేసారి దించాను. ఏ గిన్నె ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళ చేత వాసన చూపించాను.

ఉత్త నీళ్ళది మూత తీయగానే తెలిసిపోయింది. చింతపండు ఒక్కటే ఉన్నదానిలో తగ్గింది, పోలేదు. ముక్క కొరికి నమిలాక వెనకాల నుంచి వచ్చింది. మసాలాది గిన్నె దగ్గర ఏమీ తెలియలేదు, నోట్లో పెట్టాక బయటపడింది. అన్నిటికన్నా తేడా చూపించింది నాలుగోది. ఏ పులుపూ, ఏ కారమూ లేకుండానే చాలావరకు శుభ్రంగా ఉంది.

కాబట్టి నా మాట: ముందు కత్తిపీట, తర్వాత చింతపండు.

జెర్సీ_సెంటు:
అక్కా, మా ల్యాబులో చేసినా ఇంతకన్నా పద్ధతిగా చేయం. గిన్నె దగ్గర తెలియకపోవడం, నోట్లో బయటపడటం కూడా లెక్కలోకి తీసుకోవలసినదే. నమిలేటప్పుడు ఆవిరి గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. కొవ్వులో ఇరుక్కుని ఉన్నది నోటి వేడికి, నమలడానికి విడుదలవుతుంది. వేపుడులో గట్టు గారికి ముద్ద దిగకపోవడానికీ ఇదే కారణం. ఆమ్లం లేదు, ముక్కలో నీరు ఇగిరిపోయి కండ చిక్కబడింది, కొవ్వు ఉన్నచోటే ఉంది.

పాత_ల్యాబ్_మాస్టారు:
ఒప్పుకుంటున్నాను, జెర్సీ బాబు చెప్పిన మూడు పనుల వాదమే ఈ నాలుగు గిన్నెలకు సరిపోతోంది.

తిరుపతి_తులసి:
ఈ చర్చ మొత్తం చదివాను. వాసన మట్టిది కాదు, బ్యాక్టీరియాది అన్నారు కదా, మా ఊరి వాసన ఒకటి అడుగుతాను. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పునుగు తైలం పూస్తారు. పునుగు పిల్లి ఒంటి నుంచి వచ్చేదట. దగ్గరగా చూసినవాళ్ళు ముడి పునుగు వాసన భరించలేమంటారు. మరి కాస్త పలచబడితే పరిమళం ఎలా అవుతుంది? కస్తూరి, జవ్వాది కూడా ఇలాంటివేనా?

జెర్సీ_సెంటు:
తులసి గారూ, నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అడిగారు.

పునుగులో అసలు పరిమళం సివెటోన్ అనే కీటోన్‌ది. కస్తూరి మృగం నుంచి వచ్చే కస్తూరిలో ఉండేది మస్కోన్. దీన్ని 1906లో జర్మనీలో వాల్బౌమ్ విడదీశాడు, కానీ దాని నిర్మాణం ఎవరికీ అంతుపట్టలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో బేయర్ సిద్ధాంతం ప్రకారం అయిదు, ఆరు కార్బన్ల వలయాలే నిలకడగా ఉంటాయి, పెద్ద వలయం కడితే ఒత్తిడికి తెగిపోతుంది. 1926లో లియోపోల్డ్ రుజీకా సివెటోన్‌లో 17 కార్బన్ల వలయం, మస్కోన్‌లో 15 కార్బన్ల వలయం ఉన్నాయని చూపించాడు. కెమిస్టులు అసాధ్యమన్న పెద్ద వలయాలను పిల్లి, జింక తమ గ్రంథుల్లో ఎప్పటినుంచో కడుతున్నాయి! బేయర్ లెక్కలో పొరపాటు ఏమిటంటే వలయాన్ని కాగితం మీది బొమ్మలా చదునుగా అనుకున్నాడు. నిజంగా అది వంగుతుంది, మెలితిరుగుతుంది, ఒత్తిడి ఉండదు. రుజీకాకు 1939లో నోబెల్ వచ్చింది, అందులో ఈ పెద్ద వలయాల పనికి వాటా ఉంది.

ముడి పునుగు భరించలేకపోవడానికి కారణం సివెటోన్‌తో పాటు ఉండే స్కటోల్ వంటివి. స్కటోల్ మలంలో ఉండే పదార్థమే. దాని తమ్ముడి వంటి ఇండోల్ మన మల్లెపూవులో ఉంటుంది. సీసాలో ఉన్న ఇండోల్ పలుకులు మూత తీసి చూస్తే కలరా ఉండల వాసన, దాని వెనుక మురుగు వాసన. అదే మల్లెలో బెంజైల్ ఎసిటేట్, లినలూల్ పక్కన కొద్దిగా ఉన్నప్పుడు పూవుకు ఆ మత్తు, ఆ బరువు వస్తాయి. ఇండోల్ తీసేసి మల్లె సెంటు కలిపి చూశాను. శుభ్రంగా, చల్లగా, సబ్బులా ఉంటుంది. మల్లె అనిపించదు.

గాఢత మారితే ఎందుకు మారుతుందంటే, ఒక్కో అణువు ఒక్క గ్రాహకాన్నే తట్టదు. తక్కువున్నప్పుడు బాగా నప్పే ఒకటి రెండు గ్రాహకాలే మేలుకుంటాయి, ఎక్కువైతే అంతగా నప్పనివి కూడా మేలుకుంటాయి. మెదడుకు వెళ్ళే జాబితాయే మారిపోతుంది.

ఇప్పుడు కస్తూరి, పునుగు కోసం సెంట్ల పరిశ్రమ చాలావరకు జంతువుల మీద ఆధారపడటం లేదు. ఈ పెద్ద వలయాలను, వాటికి దగ్గరివాటిని ఫ్యాక్టరీలోనే చేస్తారు. కస్తూరి మృగాన్ని చంపడం మన దేశంలో నేరం. దాని పేరు చెప్పి ఎవరైనా బజారులో అమ్మితే కొనకండి.

తిరుపతి_తులసి:
చాలా థాంక్సండీ. 17 కార్బన్ల వలయం మా పునుగులో ఉందని ఇన్నాళ్ళూ తెలియదు.

ఎమ్మెస్సీ_ఫస్టియర్:
ఇదే వరసలో నేను చదివినవి రెండు. బస్సులో ఇనుప కడ్డీ పట్టుకున్నాక చేతికి వచ్చే 'ఇనుము వాసన' ఇనుముది కాదు. ఇనుము ఆవిరి కాదు కదా. చెమట వల్ల కాస్త ఇనుము కరిగి, మన చర్మం కొవ్వులోని పదార్థాలను విరగ్గొడితే 1-ఆక్టెన్-3-ఓన్ అనేది పుడుతుంది. ఆ వాసన మన చర్మానిదే. ఇది 2006లో తేలింది.

వానాకాలం బట్టలు ఆరక వచ్చే ముక్కిపోయిన వాసన కూడా అంతే. మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా బట్టలో మిగిలిన చెమట, కొవ్వులను తిని 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం చేస్తుందని 2012లో జపాన్‌వాళ్ళు చూపించారు. అది ఎండకు ఎండినా బతుకుతుంది, తడి తగిలితే మళ్ళీ మొదలు. సెంటు వాసన సబ్బు ఎంత వేసినా లాభం లేదు, వేడినీళ్ళలో ఉతకాలి.

కొర్రమట్ట_వరంగల్:
తమ్ముడూ, కలరా ఉండల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పు. మా ఇంట్ల చంటిపాప బట్టల పెట్టెలో అవే వేస్తున్నారు. కర్పూరమే కదా, ఏం కాదు అంటున్నారు.

పాత_ల్యాబ్_మాస్టారు:
దయచేసి తీసేయించండి. చూడటానికి రెండూ తెల్లగా ఉండి, గాలికే కరిగిపోతాయి గానీ ఒకటి కాదు. కలరా ఉండల్లో మామూలుగా ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, బయటికి ఏమీ తెలియదు. వాళ్ళకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి పచ్చకామెర్లు, రక్తహీనత వస్తాయి. బట్టలు ఉతికి ఎండలో ఆరేసి వాడండి. అలాగని కర్పూరం బిళ్ళలు వేయమని కాదు, అవి మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. చంటిపిల్లల బట్టల్లో రెండూ వద్దు.

మోడరేటర్:
పిల్లల ఆరోగ్యం మీద ప్రశ్నలుంటే డాక్టర్ గారిని అడగండి. చెరువు, నీళ్ళ విషయం మీద నీటి పరీక్షల్లో పనిచేసే సభ్యులు ఒకరు రాస్తామన్నారు, చర్చ తెరిచే ఉంచుతున్నాం.

నీళ్ళ_ల్యాబ్:
ఆలస్యంగా వచ్చాను. గట్టు గారికి చెరువు గురించి కొన్ని మాటలు.

వాసన తెలిసింది కదా అని పట్టుబడికి ముందు మైలుతుత్తం కొట్టకండి. నాచు చస్తుంది నిజమే. కానీ నీలి ఆకుపచ్చ నాచు జియోస్మిన్‌లో ఎక్కువ భాగాన్ని తన కణాల్లోనే ఉంచుకుంటుంది. చచ్చి పగిలిందంటే అదంతా ఒక్కసారి నీళ్ళలోకి వస్తుంది. ఆ వారం చేపకు పట్టే వాసన ముందుకన్నా ఎక్కువ. పైగా కుళ్ళే నాచు ఆక్సిజన్ తినేసి చేపలు తేలిపోయే ప్రమాదం.

మేత మిగిలి అడుగున చేరితే, కోళ్ళ ఎరువు ఎక్కువైతే నత్రజని, భాస్వరం పెరిగి ఈ నాచుకు పండుగ. సంచుల్లో తవుడు కట్టేవాళ్ళు సంచి ఖాళీ అయ్యిందో లేదో చూసి మళ్ళీ కట్టడం మంచిది.

వాసన పట్టిన చేపకు తెలిసిన మందు ఒక్కటే, నాచు లేని శుభ్రమైన పారే నీళ్ళలో మేత లేకుండా కొన్ని రోజులు ఉంచడం. పట్టిన దారిలోనే, మొప్పల ద్వారానే, వదిలేస్తుంది. వేసవి నీళ్ళలో త్వరగా వదులుతుంది. సన్నని చేప త్వరగా, కొవ్వు చేప ఆలస్యంగా. ఫంగస్‌కు ఎక్కువ రోజులు కావాలి. బరువు కాస్త తగ్గుతుంది, అది లెక్కలో వేసుకోవాలి. అయ్యిందో లేదో తెలుసుకోవడానికి మీ వ్యాపారి చేసిన పరీక్షే, తోక ముక్క, ఉత్త నీళ్ళు.

కైకలూరు_గట్టు:
మైలుతుత్తం సంగతి చెప్పి బతికించారు సార్. మా దగ్గర సరిగ్గా అదే చేద్దామనుకుంటున్నారు. ఇవాళే యజమానికి చెప్పి ఆపిస్తాను. పక్కన బోరు నీళ్ళతో చిన్న తొట్టి కట్టొచ్చు, ముందు ఒక వలెడు చేపతో చూస్తాం. బోరు నీళ్ళయితే సరిపోతుందా? ఇంకొకటి, మా ఇంటి కుళాయి నీళ్ళు కూడా వేసవిలో ఇదే వాసన వస్తాయి. క్లోరిన్ వాసన వస్తున్నా మట్టి వాసన పోదు. తాగొచ్చా?

నీళ్ళ_ల్యాబ్:
బోరు నీళ్ళలో నాచు ఉండదు కాబట్టి మంచిదే. ఒకటి రెండు చూసుకోండి. బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, ఏరేటర్ తప్పనిసరి. కొల్లేరు వైపు కొన్ని బోర్లు ఉప్పు, ముందు పరీక్ష చేయించండి. తొట్టి గోడకు నాచు పట్టకుండా కడుగుతూ ఉండండి, లేకపోతే వాసన అక్కడే మొదలవుతుంది.

కుళాయి నీళ్ళది అదే జియోస్మిన్, చెరువులోనో రిజర్వాయరులోనో నాచు పెరిగిన కాలంలో వస్తుంది. మామూలు ఇసుక వడపోత దాన్ని సరిగా ఆపలేదు, క్లోరిన్ దాన్ని విరగ్గొట్టలేదు. ఈ కొద్ది మోతాదులో జియోస్మిన్ వల్ల హాని లేదు. కానీ నాచులో కొన్ని జాతులు మైక్రోసిస్టిన్ అనే విషం కూడా చేస్తాయి, దానికి వాసన ఉండదు. కాబట్టి వాసన వచ్చినంత మాత్రాన నీళ్ళు చెడ్డవని గానీ, రానంత మాత్రాన మంచివని గానీ అనుకోకూడదు. నీళ్ళు పచ్చగా వస్తుంటే మాత్రం తాగకుండా మీ నీటి విభాగానికి తెలియజేయండి.

వాసన పోవాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. జియోస్మిన్ ఆ బొగ్గు రంధ్రాల్లో అతుక్కుంటుంది. నీటి శుద్ధి కేంద్రాల్లో బొగ్గుపొడి కలిపేది అందుకే. ఇంట్లో ఫిల్టర్‌లో ఉండే కార్బన్ గొట్టం కూడా ఆ పనే చేస్తుంది, గడువుకు మార్చాలి. నిండిపోయిన కార్బన్ పట్టదు. చెరువుకు బొగ్గు వేయాలని ఎవరైనా చెబితే వినకండి, 6 కోట్ల లీటర్లకు అది అయ్యే పని కాదు. తొట్టికి వచ్చే నీళ్ళ దారిలో పెట్టుకుంటే చాలు, అది కూడా బోరు నీళ్ళకు వాసన ఉంటేనే.